రెక్క మీద నిలిచిన సుడి



వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు వినే అలవాటు మీకుంటే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. తుమ్మెద ఒళ్లు బరువు. రెక్కలేమో చిన్నవి. సైన్సు లెక్క ప్రకారం అది ఎగరలేదు. పాపం, ఆ సంగతి తుమ్మెదకు తెలీదు. అందుకే ఎగురుతోంది. ఇది చెప్పగానే సభలో చప్పట్లు పడతాయి.

చప్పట్లు కొట్టేవాళ్లను నేనేమీ అనను. కానీ ఆ మాటకు మూలం ఎక్కడుందో చూద్దాం. 1934లో ఫ్రాన్సులో ఆంత్వాన్ మాన్యాన్ అనే జంతుశాస్త్రవేత్త కీటకాలు ఎగిరే తీరు మీద ఒక పుస్తకం రాశారు. గాలికి సంబంధించిన సూత్రాలను పురుగులకు పెట్టి చూశామని, అవి ఎగరడం అసాధ్యమని లెక్క తేలిందని అందులో అన్నారు. ఆయన కిటికీలోంచి చూస్తే ఈగలు ఎగురుతూనే ఉన్నాయి. మరి తప్పు ఎక్కడుంది? ఈగలో లేదు. లెక్కలో ఉంది. ఆయన పురుగుకు విమానం లెక్క కట్టారు.

విమానం లెక్కలో ఏముంటుంది? రెక్క కదలకుండా బిగించి ఉంటుంది. గాలి ఒకే తీరుగా దాని మీదుగా పోతూ ఉంటుంది. ఈ నిమిషం ఎలా ఉందో మరో నిమిషానికీ అలాగే ఉంటుంది. కానీ మగ్గిన అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగను తీసుకోండి. డ్రోసోఫిలా అంటారు దాన్ని. అది సెకనుకు రెండు వందల సార్లు రెక్క ఆడిస్తుంది. ముందుకు ఊపుతుంది. ఆగుతుంది. తిరగేస్తుంది. వెనక్కి ఊపుతుంది. అక్కడ గాలి ఒక తీరుకు వచ్చేలోపే రెక్క తీరు మారిపోతుంది.

ఈ వాక్యం ఒకటి గుర్తుపెట్టుకోండి. గాలి ఒక తీరుకు వచ్చేలోపే రెక్క తీరు మారిపోతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

గాలి కంటికి కనిపించదు. నీళ్లు కనిపిస్తాయి. ఈ విషయంలో రెండూ ఒకేలా నడుచుకుంటాయి. కాబట్టి వంటింట్లోకి రండి. ఒక వెడల్పాటి బేసిన్ తీసుకోండి. నాలుగు వేళ్ల లోతున నీళ్లు పోయండి. నీళ్లు కదలకుండా నిలవనివ్వండి. పైన చిటికెడు మిరియాల పొడి చల్లండి. ఇప్పుడు అట్లకాడ తీసుకోండి. దోసె తిరగేసే అట్లకాడే. దాని రేకు నీళ్లలో నిలువుగా మునగాలి. కాడ పైకి ఉండాలి. అదే మన రెక్క. మీరు పైనుంచి చూస్తున్నారు కాబట్టి రెక్కను అడ్డంగా కోసి చూసినట్టు ఉంటుంది.

రేకును మీరు వెళ్లే దిక్కుకు కొంచెం వాలుగా పట్టుకుని మెల్లగా లాగండి. మొదటి క్షణంలోనే ఒక సంగతి జరుగుతుంది. రేకు వెనకంచు దగ్గర మిరియాల పొడి గిర్రున తిరుగుతుంది. చిన్న సుడి పుడుతుంది. అట్లకాడ ముందుకు వెళ్లిపోతుంది. ఆ సుడి మాత్రం బయలుదేరిన చోటే ఉండిపోయి తిరుగుతూ ఉంటుంది. దీన్ని మొదలు సుడి అనుకుందాం. కదలడం మొదలుపెట్టిన ఏ రెక్కయినా వెనక ఒక మొదలు సుడిని వదలాల్సిందే. రన్‌వే మీద పరుగెత్తే విమానం కూడా వదులుతుంది.

ఇదేదో వంటింటి ఆట అనుకోకండి. జర్మనీలో లుడ్విగ్ ప్రాంట్ల్ గాలి శాస్త్రాన్ని మలుపు తిప్పిన మనిషి. ఆయన 1904 ప్రాంతంలో చేత్తో తిప్పే ఒక నీటి కాలువ కట్టుకున్నారు. అందులో మెరిసే ఖనిజపు రేణువులు కలిపి నీటి దారులు చూశారు. మీకు మిరియాల పొడి, ఆయనకు ఆ రేణువులు. అంతే తేడా.

ఇప్పుడు రెండోసారి. ఈసారి రేకును బాగా వాలుగా పట్టుకోండి. సగానికి సగం, అంటే నలభై అయిదు డిగ్రీలు. మళ్లీ లాగండి. ఈసారి రేకు ముందంచు వెనకాల, నీళ్లు తగలని నీడ వైపున, ఒక పెద్ద సుడి కూర్చుంటుంది. రేకుతో పాటే అది కూడా ప్రయాణం చేస్తుంది. జాగ్రత్తగా చూస్తే సుడి మధ్యలో నీరు కాస్త గుంటపడి కనిపిస్తుంది. గుంట పడిందంటే అక్కడ ఒత్తిడి తక్కువని అర్థం. ఒత్తిడి తక్కువ ఉన్న వైపుకు రెక్క లాగబడుతుంది. నిజం రెక్కకు ఆ వైపు అంటే పై వైపు. కాబట్టి సుడి రెక్క పైన కూర్చున్నంతసేపూ రెక్కను పైకి లాగుతూ ఉంటుంది.

ఇంకొంచెం ముందుకు లాగండి. రేకు తన వెడల్పుకు కొన్ని రెట్లు దూరం వెళ్లేసరికి ఆ సుడి జారిపోతుంది. వెనక్కి కొట్టుకుపోతుంది. మిరియాల పొడి చెల్లాచెదురైపోతుంది. రెక్క మీద లాగే బలం బాగా తగ్గిపోతుంది. దీన్నే విమానం నడిపేవాళ్లు స్టాల్ అంటారు. మామూలు విమానం రెక్కను పదిహేను డిగ్రీలకు అటూ ఇటుగా వాల్చేసరికే ఈ ప్రమాదం వస్తుంది. అందుకే పైలట్లకు ఆ సుడి అంటే భయం.

ఈగకు భయం లేదు. ఎందుకు లేదు? సుడి పుట్టడానికీ జారిపోవడానికీ మధ్య కొంత వ్యవధి ఉంది. మీరు అట్లకాడతో చూశారు కదా. సుడి పుట్టింది. కొంత దూరం కలిసి వచ్చింది. తర్వాతే జారింది. ఆ వ్యవధిలో లాగుడు బలం గట్టిగా ఉంటుంది. ఈగ ఆ వ్యవధిని వాడుకుంటుంది. సుడి జారిపోయేలోపే రెక్క తిప్పేస్తుంది. వెనక్కి ఊపుతుంది. అప్పుడు రెక్క రెండో వైపున కొత్త సుడి పుడుతుంది. అది కూడా జారేలోపు మళ్లీ తిప్పేస్తుంది. మామూలు విమానం నలభై అయిదు డిగ్రీల వాలులో ఎగరలేదు. ఈగ రోజంతా ఆ వాలులోనే ఎగురుతుంది.

సుడి ఒకటే. విమానానికి గండం. ఈగకు ఆసరా. మధ్య ఉన్న ముఖ్యమైన తేడా సమయం.

ఇక్కడ మీలో ఎవరికైనా ఒక సందేహం రావాలి. రాకపోతే నేనే లేవనెత్తుతాను. త్వరగా తిప్పేస్తే లాభమే అన్నాను. నష్టం లేదా? ఉంది. 1925లో హెర్బర్ట్ వాగ్నర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని లెక్కగట్టారు. నిశ్చలంగా ఉన్న రెక్క ఒక్కసారిగా కదిలితే, దానికి రావాల్సిన బలంలో మొదట సగమే వస్తుంది. మిగతాది మెల్లమెల్లగా వస్తుంది. నూటికి తొంభై వంతులు అందాలంటే రెక్క తన వెడల్పుకు ఆరు రెట్లు దూరం పోవాలి. కారణం మనం చూసిన మొదలు సుడే. అది దగ్గరలో ఉన్నంతసేపూ రెక్కకు అడ్డుపడుతుంది. దూరమైతేనే రెక్కకు పూర్తి బలం.

పురుగు రెక్క ఒక ఊపులో వెళ్లేదే కొద్ది వెడల్పుల దూరం. అంటే వాగ్నర్ లెక్కలో పురుగు ఎప్పుడూ బాకీలోనే ఉండాలి. బలం పూర్తిగా అందేలోపే ఊపు అయిపోతుంది. మళ్లీ మొదటికి వస్తుంది. మళ్లీ బాకీ. మరి ఎలా గట్టెక్కుతోంది?

దీనికి అన్నిటికన్నా ముచ్చటైన జవాబు ఒక బుల్లి కందిరీగ దగ్గర దొరికింది. కోనసీమ కొబ్బరి రైతులకు దాని పేరు కొత్త కాదు. ఎన్‌కార్సియా. కొబ్బరి ఆకుల కింద తెల్లగా వలయాలు పెట్టే సర్పిలాకార తెల్లదోమ ఉంది కదా, దాని పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే మిత్రపురుగు. ఆ జాతిలోనే మరో చుట్టం ఎన్‌కార్సియా ఫార్మోసా. దాన్ని గ్రీన్‌హౌసుల్లో తెల్లదోమను అదుపు చేయడానికి వాడతారు. ఒళ్లంతా కలిపి మిల్లీమీటరు కూడా ఉండదు. సెకనుకు నాలుగు వందల సార్లు రెక్క ఆడిస్తుంది. డెన్మార్క్‌లో పుట్టి కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన టార్కెల్ వైస్-ఫోగ్ దీన్ని అతివేగపు కెమెరాతో చిత్రీకరించారు. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆయన చూసింది ఇది. ప్రతి ఊపు చివర కందిరీగ రెండు రెక్కల్నీ వీపు మీద దగ్గరికి తెచ్చి మూసేస్తుంది. తర్వాత ముందంచుల వైపు నుంచి వాటిని విప్పుతుంది. వెనకంచులు ఇంకా అంటుకునే ఉంటాయి. మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి గాలి దూసుకొస్తుంది. ఒక్కో రెక్క ముందంచు చుట్టూ ఒక్కో సుడి పుడుతుంది. ఎడమ రెక్క సుడి ఒక వైపు తిరిగితే కుడి రెక్క సుడి దానికి ఎదురు వైపు తిరుగుతుంది. రెండూ జంట.

ఇందులో కిటుకు ఏమిటో చూడండి. మొదలు సుడి ఎందుకు పుడుతుంది? రెక్క చుట్టూ గాలి ఒక వైపు తిరగాలంటే ఇంకెక్కడో దానికి సమానంగా ఎదురు వైపు తిరగాలి. ఆ ఎదురు తిరుగుడే మొదలు సుడి. ఇక్కడ ఆ ఎదురు తిరుగుడును పక్క రెక్కే మోస్తోంది. ఎడమ రెక్క బాకీ కుడి రెక్క తీరుస్తోంది. కుడి రెక్క బాకీ ఎడమ రెక్క తీరుస్తోంది. వెనక మొదలు సుడి వదలాల్సిన పనే లేదు. ఆలస్యమూ లేదు. రెక్కలు విడిపోయే క్షణానికే బలం సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లండులో జేమ్స్ లైట్‌హిల్ అనే గణితవేత్త అదే ఏడాది దీనికి గణితం కట్టారు. ఇన్ని సమీకరణాలు మిల్లీమీటరు లేని పురుగు వీపు మీద జరుగుతున్నాయని తెలిశాక, కొబ్బరి ఆకును తిప్పి చూసేటప్పుడు నాకు మునుపటిలా అనిపించదు.

అయితే అన్ని పురుగులూ రెక్కలు ఇలా మూసి విప్పవు. ఈగ, తేనెటీగ, రెక్కల పురుగు మామూలుగా ఎగిరేటప్పుడు ఇలా చేయవు. వాటికి మనం అట్లకాడతో చూసిన ముందంచు సుడే దిక్కు. ఆ సుడి నిజం పురుగు మీద కూడా ఉందని 1996లో కంటికి స్పష్టంగా చూపించారు. కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం హాక్ మాత్ అనే పెద్ద రెక్కల పురుగును తీసుకుంది. అమెరికాలో దాని గొంగళి పొగాకు ఆకులు తింటుంది. దాన్ని కట్టి ఎగరనిచ్చి, ఎదురుగా పొగ వదిలి చూశారు. రెక్క ముందంచు మీద పొగ చుట్టలు చుట్టుకుంది.

అంతటితో ఆగలేదు. ఆ పురుగుకు పది రెట్లు పెద్ద యంత్రపు పురుగును చేశారు. దాని రెక్క నూరో వంతు వేగంతో, మూడు నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున ఆడేది. మీకు వింతగా అనిపించవచ్చు. పెద్దది చేసి, నెమ్మది చేస్తే గాలి తీరు మారిపోదా? మారదు. కొలత పది రెట్లు పెంచి, ఊపుల వేగం నూరు రెట్లు తగ్గిస్తే గాలి దారులు అవే వస్తాయి. ఇదొక లెక్క. పురుగు ఎగరలేదని చెప్పిన లెక్కలాంటిది కాదు, నమ్మదగ్గ లెక్క.

ఆ పెద్ద రెక్క మీద సుడి ఊపు పొడుగునా ఉంది. అట్లకాడ మీద సుడి కొద్ది దూరానికే జారిపోయింది కదా? ఇక్కడెందుకు అంతసేపు నిలిచింది? అట్లకాడను మీరు తిన్నగా లాగారు. పురుగు రెక్క మొదలు దగ్గర బిగిసి, చాపంలా తిరుగుతుంది. ఆ గుండ్రటి తిరుగుడే సుడిని రెక్క మీద నిలబెట్టడంలో ముఖ్యమని తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. తిన్నగా పోయే రెక్క సుడిని పోగొట్టుకుంటుంది. తిరిగే రెక్క నిలుపుకుంటుంది.

ఇక ఈగ దగ్గరికి వద్దాం. అమెరికాలో మైకేల్ డికిన్సన్ ప్రయోగశాలలో ఒక పెద్ద తొట్టెలో ఖనిజ తైలం నింపారు. అందులో ఒక్కొక్కటీ పాతిక సెంటీమీటర్ల పొడవున్న రెండు రెక్కలు దించారు. అసలు ఈగ రెక్క రెండున్నర మిల్లీమీటర్లు. అంటే నూరు రెట్లు. సెకనుకు రెండు వందల ఊపుల పని ఆ నూనెలో ఏడు సెకన్లకు ఒక ఊపుగా సాగింది. రెక్క మొదట్లో బలాన్ని కొలిచే సాధనం పెట్టారు. 1999లో ఫలితాలు వచ్చాయి. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో ఒకరు మన దేశస్థుడు సంజయ్ సానే. తర్వాత బెంగళూరులోని ఎన్.సి.బి.ఎస్. అనే పరిశోధన సంస్థలో కీటకాల ఎగురుడు మీదే పరిశోధన సాగించారు.

ఆ నూనె తొట్టె చెప్పిన కొత్త కబురు ఊపు చివరలకు సంబంధించింది. రెక్క ఆగి, తిరగబడి, వెనక్కి మళ్లే చోట బలం తగ్గుతుందనుకుంటాం. అక్కడే పెరిగింది. ఒకసారి పెరగడం కూడా కాదు, రెండుసార్లు. ఒకటి, రెక్క తిరగేసే తిప్పుడు వల్ల. రెండోది, వెనక్కి మళ్లిన రెక్క తాను ఇంతకు ముందు వదిలిన సుడి గాలిలోకే దూరడం వల్ల. బేసిన్‌లో మీరూ చూడొచ్చు. అట్లకాడను కొంచెం దూరం లాగండి. తటాలున తిప్పి వెనక్కి రండి. అది వదిలిన సుళ్లు ఎదురొచ్చి రేకుకు తగులుతాయి. ఖర్చయిపోయిందనుకున్న శక్తిలో కొంత చేతికి తిరిగొస్తుంది.

అయితే ఇదంతా వేళ మీద ఆధారపడి ఉంది. ఊపు ముగియడానికి కాస్త ముందే రెక్క తిరగేస్తే బలం పెరుగుతుంది. కాస్త ఆలస్యంగా తిరగేస్తే ఆ లాభం నష్టంగా మారుతుంది. ఒక ఊపుకు సెకనులో రెండువందో వంతు. అందులో తిప్పుడు ఇంకా చిన్న భాగం. అంత సన్నటి వేళలో ఒక వైపు రెక్కను కాస్త ముందుగా, రెండో వైపు రెక్కను కాస్త వెనకగా తిప్పితే చాలు. ఈగ పక్కకు మళ్లగలదు. మీరు గుడ్డ విసిరితే అది దొరకదు. ఎందుకు దొరకదో తెలిసింది కదా.

పక్షులు, గబ్బిలాలు, చేపల గురించి ఒక్క మాటే చెప్పి ముందుకు పోతాను. రెక్కో తోకో ఆడించి ముందుకు పోయే జీవులన్నీ వెనక సుళ్ల వరస వదులుతాయి. ఊపు ఎంత వెడల్పు, సెకనుకు ఎన్ని ఊపులు, ఎంత వేగం అనే మూడింటి నిష్పత్తి ఒకటుంది. దాన్ని స్ట్రూహాల్ సంఖ్య అంటారు. హాయిగా సాగిపోయేటప్పుడు ఇన్ని రకాల జీవుల్లోనూ ఆ సంఖ్య 0.2కూ 0.4కూ మధ్యనే ఉంటుందని 2003లో తేల్చారు. తక్కువ శ్రమతో ఎక్కువ దూరం పోయే ఊపు అదే.

ఇప్పుడు దోమ. దీన్ని వదిలేస్తే మీరు ఊరుకోరు. మన మురుగు కాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమ, బోదకాలు వ్యాధిని మోసే దోమ, అదే జాతిని లండన్‌లో రిచర్డ్ బాంఫ్రీ బృందం పరిశీలించింది. 2017లో ఫలితాలు ప్రకటించింది. దోమ రెక్క సెకనుకు ఏడు వందల సార్ల దాకా ఆడుతోంది. చెవి దగ్గర వినిపించే ఆ సన్నటి రొద రెక్కల చప్పుడే. కానీ ఊపు మాత్రం చాలా చిన్నది. సుమారు 40 డిగ్రీలు. తేనెటీగ ఊపు చిన్నదంటారు, అది కూడా 90 డిగ్రీల దాకా ఉంటుంది. ఇంత పొట్టి ఊపులో ముందంచు సుడి మీద ఆధారపడి బతకడం కష్టం. అది పెరగడానికి దూరమే చాలదు. దోమ అందుకని వెనకంచును కూడా పనిలో పెట్టింది. ఒక ఊపులో వదిలిన సుడి గాలిని తర్వాతి ఊపు మొదట్లో వెనకంచుతో పట్టుకుంటుంది. ఆ వెంటనే రెక్క తిప్పుడుతో ఇంకొంత బలం తీసుకుంటుంది. దోమ మీద నాకేమీ ప్రేమ లేదు. దోమతెర కట్టుకునే పడుకుంటాను. కానీ పని మాత్రం శుభ్రంగా చేస్తోంది.

ఇదంతా మనుషులకు ఎక్కడ అవసరపడుతుంది? ముందు హెలికాప్టర్. అది ముందుకు పోయేటప్పుడు ఒక వైపు బ్లేడు గాలికి ఎదురు పోతుంది. రెండో వైపు బ్లేడు గాలితో పాటు వెనక్కి పోతుంది. వెనక్కి పోయే బ్లేడుకు గాలి తక్కువ తగులుతుంది. ఆ లోటు పూడ్చడానికి దాని వాలు పెంచుతారు. ప్రతి చుట్టులోనూ ఇలా పెరిగి తగ్గుతూ ఉంటుంది. అంటే అది కూడా ఊగే రెక్కే. వేగం మరీ పెంచితే దాని ముందంచు మీద కూడా మన సుడి పుడుతుంది. కాసేపు అదనపు బలం ఇస్తుంది. తర్వాత బ్లేడు మీదుగా జారి వెనక్కి పోతుంది. జారేటప్పుడు బ్లేడును మెలితిప్పుతుంది. వాలును మార్చే కడ్డీల మీద ఆ దెబ్బ పడుతుంది. ఈగలాగా సుడి జారేలోపు బ్లేడును తిప్పేయడం హెలికాప్టర్‌కు సాధ్యం కాదు. అందుకే ప్రతి హెలికాప్టర్‌కూ దాటకూడని వేగం ఒకటి రాసి ఉంటుంది. దానికున్న కారణాల్లో ఇదొకటి.

గాలిమరలకూ ఇదే తంటా. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి వైపు వెళ్లినవాళ్లు కొండల మీద గాలిమరల్ని చూసే ఉంటారు. గాలి నిలకడగా వీస్తే వాటికి ఇబ్బంది లేదు. ఉన్నట్టుండి ఒక విసురు వస్తే రెక్క మీద వాలు క్షణంలో మారుతుంది. సుడి పుడుతుంది, జారుతుంది. ఏళ్ల తరబడి ఆ మెలికలు తింటే రెక్కలూ గేర్లూ అలసిపోతాయి. కాబట్టి వాటిని కట్టే ఇంజనీరు నిలకడ గాలి లెక్క ఒక్కటే వేసుకుంటే చాలదు. విసురు లెక్క కూడా వేసుకోవాలి. 1932లోనే మాక్స్ క్రామర్ అనే జర్మన్ పరిశోధకుడు దీన్ని గమనించారు. వాలు గబగబా పెరుగుతున్న రెక్కకు, నిలకడగా ఉన్న రెక్క కన్నా ఎక్కువ బలం వస్తుందని ఆయన కొలిచి చూపించారు. అప్పట్లో దాన్ని పురుగులతో కలిపి చూసినవాళ్లు తక్కువ.

చివరగా, పురుగంత యంత్రాలు. 2013లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్ బృందం రోబోబీ అనే బుల్లి యంత్రాన్ని అదుపులో ఎగరేసింది. బరువు 80 మిల్లీగ్రాములు. సెకనుకు 120 ఊపులు. కరెంటు మాత్రం సన్నటి తీగ గుండా బయటినుంచే అందించారు. అంత కరెంటు ఇవ్వగల బ్యాటరీని అది మోయలేదు. 2019లో అదే ప్రయోగశాల తీగ లేకుండా ఎగరేసింది. ఈసారి నాలుగు రెక్కలు, నెత్తిన చిన్న సౌరఫలకాలు. అవి పనిచేయాలంటే మామూలు ఎండకు మూడు రెట్ల వెలుగు కావాలి. ప్రయోగశాలలో దీపాలు పెట్టి ఆ వెలుగు ఇచ్చారు. ఎగిరింది ఒక సెకను లోపే. సుడి సంగతి వాళ్లకు బాగానే తెలుసు. రెక్కకు వచ్చిన ఇబ్బంది లేదు. ఆగిపోయింది తిండి దగ్గర. చిటికెడు బరువులో అంత శక్తిని దాచి, అవసరమైనప్పుడు తీసి ఇచ్చే బ్యాటరీ ఇంకా తయారు కాలేదు. ఈగకు ఆ పని కాస్త అరటిపండు గుజ్జుతో అయిపోతుంది.